లెంట్ బుధవారాలు: నలభై మందికి ఏమి వండాలి, ఏమి చెప్పాలి?

డోర్నకల్ బిడ్డ
19 ఫిబ్రవరి 2026

అందరికీ వందనాలు. నిన్న భస్మ బుధవారం (లెంట్, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల మొదటి రోజు) ఆరాధన అయ్యాక రెండు బాధ్యతలు నా మీద పెట్టారు. రాత్రంతా వాటి గురించే ఆలోచించి ఇక్కడ అడుగుతున్నాను.

మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటాం. దగ్గరలో తెలుగు సంఘం లేదు. పుట్టి పెరిగింది సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘంలో) కాబట్టి ఇక్కడి ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్) చర్చికి వెళ్తున్నాం. ఆరాధన క్రమం చాలావరకు చిన్నప్పుడు విన్నట్లే ఉంటుంది. లెంట్‌లో ఐదు బుధవారాలు, ఫిబ్రవరి 25 నుంచి మార్చి 25 వరకు, సాయంత్రం ఆరు గంటలకు గుడి పక్కన హాల్లో అందరూ కలుస్తారు. ఒకరిద్దరు సూపు కాచి తెస్తారు, ఇంకొకరు రొట్టె తెస్తారు. అరగంట భోజనం, గంట పాఠం, ఆఖరున దీపాలు తగ్గించి రాత్రి ప్రార్థన. నలభై మంది దాకా వస్తారు, ఎక్కువమంది వయసు పైబడినవాళ్లే.

ఈసారి మార్చి 11 భోజనం నాకు అప్పగించారు. చివరి బుధవారం పాఠం కూడా నన్నే చెప్పమన్నారు. మన దగ్గర లెంట్ ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసుకోవాలని ఉందట.

మా అత్తయ్యగారు ఖమ్మం దగ్గరి పల్లె నుంచి వచ్చి రెండు నెలలైంది. సూపు, రొట్టె మాత్రమే అని చెప్పగానే ఆమె నొచ్చుకున్నారు. "నలభై మందిని పిలిచి ఒక్క చారు పోసి పంపుతామా అమ్మాయ్?" అన్నారు. పులిహోర, రెండు కూరలు, గారెలు, పాయసం ఉండాలంటున్నారు. నాకేమో మా నాన్నగారు గుర్తొస్తున్నారు. శ్రమదినాల్లో ఆయన చీకటి పడేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేవారు కాదు. రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో కాటేజీ ప్రార్థన, అది ముగిశాకే అన్నం. ఆ ఇంట్లో పెరిగిన నాకు ఇక్కడి సూపే ఉపవాసంలా అనిపించదు, ఇక అత్తయ్యగారు చెప్పిన వంటకాల సంగతి సరే సరి.

వంట గురించీ పాఠం గురించీ మీ సలహా కావాలి.

---

మార్తమ్మ వంటిల్లు
19 ఫిబ్రవరి 2026

ముందు వంట చూద్దాం తల్లీ. టెక్సస్‌లో మా సంఘానికి చాలా ఏళ్లుగా వండుతున్నాను, కాబట్టి లెక్కలు చేతిలో ఉన్నాయి.

పప్పుచారు చేయండి. సూపు తాగే అలవాటున్నవాళ్లకు అది పరాయిగా అనిపించదు, మీకు అది ఇంటి వంట. మనిషికి 300 మిల్లీలీటర్లు వేసుకుంటే నలభై మందికి 12 లీటర్లు. కందిపప్పు రెండు కిలోలు చాలు. మసూరు పప్పు అయితే ఇంకా త్వరగా ఉడుకుతుంది. మునగకాడలు వేయకండి. పిప్పి ఎక్కడ పెట్టాలో తెలియక పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. గుమ్మడికాయ, క్యారెట్, టమాటా వేయండి. చింతపండు సగం, కారం పావు వంతు. ఎండుమిరపకాయల తాలింపు చిన్న గిన్నెలో విడిగా పెడితే కావలసినవాళ్లు కలుపుకుంటారు.

ఇంగువతో జాగ్రత్త. పొడి ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. గోధుమ పడనివాళ్లు రొట్టె మానేసి పప్పుచారే కదా అని నమ్మకంగా తాగుతారు. వేయకపోతే మేలు, వేస్తే చీటీ మీద రాసి పెట్టండి. తాలింపుకు నెయ్యి బదులు నూనె వాడితే పాలు పడనివాళ్లకూ సరిపోతుంది.

ఇక స్లో కుక్కర్లు. అవి వేడిని నిలబెడతాయి తప్ప చల్లని సూపును గంటలో వేడెక్కించలేవు. ఇంట్లో పొయ్యి మీద మరిగించి అందులో పోసి తీసుకెళ్లండి. 60 డిగ్రీల కింద చాలాసేపు ఉన్న పప్పు పులుస్తుంది, పైకి తెలియదు. పాత హాళ్లలో ఒకే గోడకున్న ప్లగ్గుల్లో మూడు కుక్కర్లు పెడితే ఫ్యూజు పోతుంది. వేర్వేరు గోడలకు పెట్టండి.

గారెలు మాత్రం వద్దు. నలభై మందికి గారెలు వేసే మనిషి పాఠం వినలేదు. ఎప్పుడూ ఆ వంటింట్లోనే ఉండిపోతుంది.

---

విచారణ ఉపదేశి
20 ఫిబ్రవరి 2026

మాది కృష్ణా జిల్లా, కథోలిక విచారణ (సంఘం). మేము దీన్ని తపస్సుకాలం అంటాం. "సూపు ఉపవాసమా?" అన్న మీ సందేహానికి మా నియమం చెబుతాను. ఉపవాసం తప్పనిసరి అయినవి రెండే రోజులు, విభూది బుధవారం (మీ భస్మ బుధవారమే), పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 60వ ఏడు మొదలయ్యేదాకా ఆ నియమం వర్తిస్తుంది. ఆ రోజున ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలు కొద్దిపాటి ఆహారం. తపస్సుకాలపు శుక్రవారాల్లో మాంసం ముట్టం. మిగతా బుధవారాల్లో సూపు తాగితే ఉపవాసం చెడిందా అన్న ప్రశ్నే రాదు. మీ బుధవారాలు ఉపవాసం కోసం పెట్టినవి కావు, కలిసి కూర్చోవడం కోసం పెట్టినవి.

ఇంకొక మాట. మా ఊళ్లో చాలామంది పొలం పనికి వెళ్లేవాళ్లు. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు మోకరిల్లి చేసేసరికి పొద్దున తిన్నది ఎప్పుడో అరిగిపోతుంది. వాళ్లను ఇంకా తగ్గించి తినమని నేను ఎప్పుడూ చెప్పను. యెషయా 58వ అధ్యాయం ముందు చదివిస్తాను. నీ ఆహారం ఆకలిగొన్నవాడికి పెట్టడమే ఉపవాసమని ప్రవక్త అంటాడు. తగ్గించుకున్నది ఎక్కడికి వెళ్తోంది అన్నదే నాకు ముఖ్యం. మీ చర్చిలో దానికి ఏమైనా ఏర్పాటు ఉందా?

---

లెస్టర్ నర్సు
20 ఫిబ్రవరి 2026

ఉపదేశిగారి ప్రశ్నకు ఇంగ్లండ్ నుంచి ఒక జవాబు. ఇక్కడ కథోలిక స్త్రీల సంఘాలు 1960లో కుటుంబ ఉపవాస దినం మొదలుపెట్టాయి. కరీబియన్‌లోని డొమినికా దీవిలో తల్లులకు, పసిబిడ్డలకు ఒక వైద్యశాల కోసం ఆ రోజు భోజనం తగ్గించుకుని మిగిలిన డబ్బు పంపారు. రెండేళ్లకు, 1962లో, అందులోంచే కాఫోడ్ అనే సేవాసంస్థ పుట్టింది. అమెరికాలో కథోలికులు ఇంటింటా పెట్టుకునే అట్ట గిన్నె, రైస్ బౌల్, అదీ ఇలాంటిదే. ఆఫ్రికాలోని సాహేల్ కరువు చూసి 1975లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్ మేత్రాసనంలో (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతంలో) మొదలైంది. వచ్చినదాంట్లో 25 శాతం స్థానిక మేత్రాసనంలోనే ఆకలి తీర్చడానికి ఉంచుతారు.

మా విచారణలో శుక్రవారం మధ్యాహ్నం సూపు. తలుపు దగ్గర ఒక పళ్లెం, దాని మీద గుడ్డ. ఎవరు ఎంత వేశారో కనిపించకూడదనే ఆ గుడ్డ. నేను రాత్రి డ్యూటీ దిగి నేరుగా వెళ్తాను. రెండేళ్లుగా ఒక పెద్దాయన వస్తున్నారు, ప్రార్థనకు ఆగరు, సూపు తాగి వెళ్లిపోతారు. మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. మా గురువుగారు ఆయన పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టారు. గొణుగుడు ఆగిపోయింది.

---

కొట్టాయం కోడలు
21 ఫిబ్రవరి 2026

నేను తెనాలి అమ్మాయిని, సిరియన్ క్రైస్తవుల ఇంటికి కోడలిగా వెళ్లాను. ఇక్కడ అంబదు నోంబు అని యాభై రోజులు మాంసం, చేపలు, గుడ్లు, పాలు మానేస్తారు. పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం దాకా సాగే ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోనే గంజి, పెసలు లేదా అలసందల కూర, పచ్చడి. డాక్టరుగారైనా ఆటో నడిపేవారైనా అదే గంజి, అదే బల్ల. మొదటి ఏడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మీ అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పి చూడండి. గంజి పోయడం అవమానం కాదని.

---

పరిశోధకుడు
21 ఫిబ్రవరి 2026

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్పాలి. ఇలాంటి కూడికల మీద నాకు నమ్మకం పోయింది.

మా సంఘం పేరు చెప్పను. శ్రమదినాల్లో శుక్రవారం ఉపవాస కూడిక పెట్టేవాళ్లు. మొదటి ఏడు మజ్జిగ, అటుకులు. రెండో ఏడు ఉప్మా. నాలుగో ఏటికి బిర్యానీ వచ్చింది, ఏ వారం ఎవరు పెట్టించారో పేరు చదివి ప్రకటించడం వచ్చింది. పేరు చదివించుకోలేనివాళ్లు రావడం మానేశారు. బైబిలు పాఠం ఇరవై నిమిషాలకు తగ్గింది, ఎందుకంటే అన్నం చల్లారిపోతుంది. ప్రతి వారం అవే నలుగురు స్త్రీలు అంట్లు తోమారు. ఆ నలుగురూ ఏ పేట నుంచి వచ్చేవారో, వాళ్లనే ఎందుకు పిలిచేవారో మన అందరికీ తెలుసు. పెద్దలు తిన్నాక, అతిథులు తిన్నాక, ఆఖరున వాళ్లు తినేవారు. మా అమ్మ ఆ నలుగురిలో ఒకరు.

కాబట్టి ఏమి వండాలి అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఎవరు వండుతారు, ఎవరు ముందు తింటారు, ఎవరు కడుగుతారు, ఇవి చెప్పండి. ఆ తర్వాత అది ప్రభువు బల్లో కాదో నేను చెబుతాను.

---

గుంటూరు లూథరన్
22 ఫిబ్రవరి 2026

పరిశోధకుడు బాబూ, నీ మాట నిజం. నేను ముప్పై ఏళ్లు బడిలో చెప్పి, ఆదివారం సంఘంలో చెప్పినవాణ్ణి. నువ్వు చెప్పినది నేనూ చూశాను, చూసి ఊరుకున్న రోజులూ ఉన్నాయి.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం నువ్వు చెప్పినదాని గురించే. మనం ఆ అధ్యాయాన్ని సంస్కారం రోజున, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజున, 23వ వచనం నుంచి చదువుతాం. 17 నుంచి 22 వరకు వదిలేస్తాం. అక్కడ ఉన్నది భోజనాల తగాదా. ఉన్నవాళ్లు ముందొచ్చి తినేస్తున్నారు, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆకలితో కూర్చుంటున్నారు. ఇది ప్రభువు రాత్రి భోజనం కానే కాదని పౌలు తేల్చి చెప్పాడు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమని ఆఖరున ఆజ్ఞ ఇచ్చాడు. డోర్నకల్ బిడ్డగారూ, మీ ఐదు వారాల్లో ఒక వారం ఈ ఆరు వచనాలు ఎవరైనా చదివిస్తే బాగుంటుంది.

ఇక పాఠం సంగతి. లెంట్‌లో నేర్చుకోవడం నిన్నమొన్నటి అలవాటు కాదు. ఈస్టరు రాత్రి బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లను సిద్ధం చేసే కాలంగానే దీనికి రూపం వచ్చింది. నాలుగో శతాబ్దం చివర ఎగేరియా అనే స్త్రీ యెరూషలేము యాత్రకు వెళ్లి, చూసినదంతా ఇంటి దగ్గరున్న సోదరీమణులకు రాసి పంపింది. నలభై రోజులు, రోజుకు మూడు గంటలు బిషప్పు కూర్చుని లేఖనాలు చెప్పేవాడట. ఆయన గ్రీకులోనే మాట్లాడేవాడు. పక్కన ఒక పాదిరి నిలబడి సిరియా భాషలోకి మార్చేవాడు. లాటిను మాత్రమే వచ్చినవాళ్లకు రెండు భాషలు తెలిసిన సోదరులు, సోదరీమణులు విడిగా వివరించేవారు. ఎవరికీ అర్థంకాకుండా పోకూడదని అంత శ్రద్ధ.

మా లూథరన్లలో ఇంకొక పద్ధతి ఉంది. 1529లో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ముఖ్య భాగాలు ఆరు: పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, బల్ల. భస్మ బుధవారంతో కలిపి ఆరు బుధవారాలు. వారానికి ఒక భాగం. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారి దగ్గర నుంచి మా ముత్తాతల దాకా ఆ చిన్న పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. మా నాయనమ్మకు చదువు రాదు, అది మాత్రం మొత్తం నోటికి వచ్చు.

---

పరిశోధకుడు
22 ఫిబ్రవరి 2026

మాస్టారూ, "చూసి ఊరుకున్నాను" అని మీ నోట విన్నందుకు కృతజ్ఞుణ్ణి. మా అమ్మకు ఈ మాట చదివి వినిపిస్తాను.

సహపంక్తి అన్న మాట మనం తేలికగా వాడేస్తాం. నాస్తికుడైన గోరా గారు పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లనూ ఒకే వరుసలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించేవారు. ఎదుటివాడి పక్కన కూర్చుని తినడం ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో ఆయనకు తెలుసు. ప్రతి ఆదివారం ఒకే రొట్టె విరిచే మనకు ఇంకెంత తెలిసి ఉండాలి?

---

సింగరేణి అన్న
23 ఫిబ్రవరి 2026

డోర్నకల్ బిడ్డమ్మా, పేరులోనే డోర్నకల్ పెట్టుకుని ఏమి చెప్పాలని అడుగుతున్నారు. మన డోర్నకల్ బిషప్పు అజరయ్య అయ్యగారు లేరా?

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యికి పైగా ప్రతినిధులు, వాళ్లలో ఆసియావాళ్లు ఇరవై మంది లోపే. అప్పటికి వి.ఎస్. అజరయ్య బిషప్పు కాదు. తిరునెల్వేలి నుంచి వచ్చి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో ఏడాదిగా పనిచేస్తున్న 35 ఏళ్ల పాదిరి. ఆ సభలో లేచి, విదేశీ మిషనరీలకూ స్వదేశీ సేవకులకూ మధ్య స్నేహం లేదని ముఖం మీదే చెప్పాడు. కరచాలనాలు, కుర్చీలు, భోజనాలు, తేనీళ్లు తమకోసం తాము అడగడం లేదనీ, అవి స్నేహానికి గుర్తులైతే మాత్రం అవన్నీ, ఇంకా ఎక్కువా అడుగుతున్నాననీ అన్నాడు. ఆఖరున కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయం ఎత్తుకున్నాడు. బీదలకు మీ ఆస్తి పంచారు, మీ ప్రాణాలు ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని ముగించాడు. సభలో చాలామందికి కోపం వచ్చింది. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా ఆయనకే అభిషేకం జరిగింది.

ఆయన అడిగిన బల్ల దగ్గరే మీరు బుధవారం కూర్చుంటున్నారు. మీ చర్చివాళ్లకు ఇది తెలియాలి.

---

డోర్నకల్ బిడ్డ
23 ఫిబ్రవరి 2026

అన్నా, డోర్నకల్ పెద్ద గుడి మెట్ల మీద ఆడుకున్నదాన్ని. అయ్యగారి సమాధికి పూలు పెట్టినదాన్ని. ఈ ప్రసంగం సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

పరిశోధకుడుగారూ, మీ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మా హాల్లో ఎవరు కడుగుతారో ఇన్నాళ్లూ నేను చూడలేదు. ఎల్లుండి చూస్తాను.

---

డోర్నకల్ బిడ్డ
12 మార్చి 2026

నిన్నటి భోజనం అయింది. చెప్పవలసినది చాలా ఉంది.

పోయిన వారం అత్తయ్యగారితో మళ్లీ మాట్లాడాను. కొట్టాయం సంగతి చెప్పాను, పళ్లెం మీద గుడ్డ సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా ఇలా అన్నారు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ కూలికి వెళ్లే ఇంట్లో పండుగ రోజు భోజనానికి పిలిచేవారట. పిలిచి, పెరట్లో విడిగా కూర్చోబెట్టి, మిగిలినది పెట్టేవారట. "పిలిచి తక్కువ పెట్టడమంటే తక్కువ చేసి చూడటమే అమ్మాయ్. నా చేత్తో నేను ఇంకొకరికి అలా పెట్టను. అందుకే గారెలు అన్నాను" అన్నారు.

నేను ఇన్నాళ్లూ ఆమెకు లెంట్ అర్థం కాలేదని అనుకున్నాను.

ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. వంటకం ఒక్కటే, పప్పుచారు. పక్కన కొంచెం అన్నం, ఎవరో తెచ్చే రొట్టె. కానీ మారు వడ్డించకుండా ఎవరినీ లేవనివ్వకూడదు. రెండోది, ఆమె వంటింట్లో ఉండరు, బల్ల దగ్గర కూర్చుని అందరితో పాటు తింటారు. మార్తమ్మగారి 12 లీటర్లను ఆమె ఒప్పుకోలేదు, 16 లీటర్లు కాచాం.

ఫ్యూజు పోయింది. మా కుక్కర్లు వేర్వేరు గోడలకే పెట్టాం, రొట్టె తెచ్చినాయన తన వేడిపెట్టెను మా పక్కనే పెట్టారు. ఐదు నిమిషాలు దీపాలు లేవు. గడియారాలు ముందుకు జరిపి మూడు రోజులే అయింది కాబట్టి కిటికీల్లోంచి ఇంకా వెలుతురు వస్తోంది, ఎవరూ కంగారు పడలేదు.

అత్తయ్యగారు గరిట పట్టుకుని బల్లల మధ్య తిరిగారు. ఇంగ్లీషు రాదు. "ఇంకొంచెం" అని తెలుగులోనే అడిగారు. మూడో బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎనభై ఏళ్ల ముసలావిడ ఒకరు గిన్నె చాపి "ఇంకొంచెం" అన్నారు, అచ్చం అలాగే.

అంట్లు: మొదటి బుధవారం చూశాను. ఇక్కడ కూడా ప్రతి వారం అదే ఇద్దరు. ఒకరి వయసు 74. రెక్టరుగారికి (మా చర్చి పాదిరిగారికి) చెప్పాను. నిన్న పాఠం అయ్యాక, అది చెప్పినాయనా, రెక్టరుగారూ, మా ఆయనా కడిగారు, వాళ్లిద్దరూ కూర్చుని పాఠం విన్నారు. ఆరేళ్లలో మొదటిసారి మొత్తం విన్నామని అన్నారు.

---

పరిశోధకుడు
12 మార్చి 2026

మీ అత్తయ్యగారికి నా పాదాభివందనం. గారెల గురించి నేను మనసులో ఆమెను వేరుగా అనుకున్నాను. క్షమించమని చెప్పండి.

---

లెస్టర్ నర్సు
13 మార్చి 2026

ఆ 74 ఏళ్ల ఆవిడ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా హాల్లోనూ చూస్తాను ఈ శుక్రవారం.

---

విచారణ ఉపదేశి
13 మార్చి 2026

చివరి బుధవారం మార్చి 25 కదా. మాకు ఆ రోజు మంగళవార్త పండుగ, దేవదూత మరియమ్మ దగ్గరకు వచ్చిన రోజు. మీ క్రమంలోనూ ఉంటుంది. పాఠంలో చోటు దొరికితే ఆ తల్లి పాడిన పాట గుర్తుచేయండి. ఆకలిగొన్నవారిని మంచి పదార్థాలతో నింపాడని అందులో ఉంది.

---

డోర్నకల్ బిడ్డ
26 మార్చి 2026

నిన్నటి పాఠం ఇలా జరిగింది.

అజరయ్య అయ్యగారి ప్రసంగంతో మొదలుపెట్టాను. అన్న రాసినది నా ఇంగ్లీషులో చెప్పాను. భోజనాలు, తేనీళ్ల దగ్గరికి వచ్చేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. ఒకాయన చేయెత్తి, ఈ ఊరికి వచ్చి నాకు ఎన్నేళ్లయింది అని అడిగారు. తొమ్మిదేళ్లు అన్నాను. ఈ తొమ్మిదేళ్లలో మేము మిమ్మల్ని ఎన్నిసార్లు ఇంటికి పిలిచామో గుర్తు చేసుకుంటున్నాను అన్నారాయన. నేనూ ఎవరినీ పిలవలేదు. ఆ మాట పైకే చెప్పాను.

తర్వాత, మీ ఊళ్లో లెంట్ ఎలా ఉంటుంది అన్న ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పలేదు. ఎగేరియా గురించి మాస్టారు రాసినప్పటి నుంచి ఒక ఆలోచన ఉంది. అత్తయ్యగారిని లేవమన్నాను. ఆమె తెలుగులో చెప్పారు, నేను పక్కన నిలబడి మార్చాను.

ఆమె అమ్మమ్మ చదువుకోలేదు. పగలంతా నాట్లు, కలుపు. రాత్రి గంజి తాగి, పల్లెలోని క్రైస్తవ ఇళ్లవాళ్లంతా ఉపదేశకుడి ఇంటి ముందు లాంతరు చుట్టూ కూర్చునేవారట. ఆయన ఒక వాక్యం చెబితే అందరూ తిరిగి చెప్పేవారు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అలా నేర్చుకున్నారు. నిద్ర ఆపుకోలేక పడిపోయే పిల్లల్ని ఒడిలో వేసుకుని చెప్పేవారట. శ్రమదినాల్లో ఇంకాస్త ఎక్కువసేపు కూర్చునేవారట. "మా అమ్మమ్మకు మొదటి బడి అదే. ఆ బడిలో ఆమె అందరితో పాటు చాప మీద కూర్చుంది, పెరట్లో కాదు" అన్నారు అత్తయ్యగారు. ఈ చివరి వాక్యం మార్చేటప్పుడు నా గొంతు నిలవలేదు. పెరడు అంటే ఏమిటో వాళ్లకు విడిగా వివరించవలసి వచ్చింది. వివరించాను.

రాత్రి ప్రార్థనలో ప్రభువు ప్రార్థన వచ్చినప్పుడు రెక్టరుగారు ఆగి, అత్తయ్యగారిని తెలుగులో చెప్పమన్నారు. మొదట ఆమె ఒక్కరే చెప్పారు. తర్వాత అందరం ఎవరి భాషలో వాళ్లం చెప్పాం.

ఉపదేశిగారూ, మరియమ్మ పాట పాఠం చివర చదివించాను. లెస్టర్ అక్కా, పళ్లెం మీద గుడ్డ పెట్టాం. వచ్చిన డబ్బు మా ఊళ్లోని ఆహార నిల్వ కేంద్రానికి వెళ్తుంది. వచ్చే ఏడాది కొరింథీయుల ఆ ఆరు వచనాలు ఒక వారం పెట్టాలని కమిటీలో నిర్ణయించారు. అంట్లకు పేర్ల పట్టిక గోడకు అంటించారు, మొదటి పేరు రెక్టరుగారిది.

---

గుంటూరు లూథరన్
26 మార్చి 2026

అమ్మా, మా నాయనమ్మ కూడా అలాగే నేర్చుకుంది. లాంతరు, చాప, అంతా అలాగే. మీ అత్తయ్యగారిని ఒకసారి ఫోనులో పలకరించాలని ఉంది. ఆమెకు ఇష్టమైతే ఇక్కడ మోడరేటరుగారి ద్వారా కబురు చేయండి.

---

మార్తమ్మ వంటిల్లు
27 మార్చి 2026

అంతా చదివాను తల్లీ. ఒక్కటి చెప్పలేదు మీరు. 16 లీటర్లు ఏమయ్యాయి? నా లెక్క దిద్దుకోవాలి.

---

డోర్నకల్ బిడ్డ
27 మార్చి 2026

ఆ రోజు వచ్చింది 43 మంది. రెండు గిన్నెల చారు ఇద్దరు ఇళ్లకు పట్టుకెళ్లారు. అంతా అయ్యాక అడుగున ఒక్క గరిటెడు మిగిలింది. అత్తయ్యగారు దాన్ని ఆ 74 ఏళ్ల ఆవిడ గిన్నెలో సగం, తన గిన్నెలో సగం పోసుకున్నారు.